దుబాయ్ అంటే మనిషి పేరు

ముందే ఒక మాట చెప్పుకోవాలి. నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తీయాలో ఇప్పటికీ తడబడతాను. ఒక పేజీ రాయడానికి ఒక పూట పడుతుంది. తప్పులు కనబడితే సర్దుకుని చదవండి. ఇంట్లో మేం మాట్లాడుకునేది లంబాడీ. ఆ మాటలన్నీ తెలుగులోకి మార్చే రాస్తున్నాను, ఒక్క మాట తప్ప. అది 'యాడి'. యాడి అంటే అమ్మ.

మా అమ్మాయి శ్రావణి దుబాయ్‌లో ఒక ఇంట్లో మంచం పట్టిన ముసలామెను చూసుకుంటుంది. ఆమెను కూర్చోబెట్టడం, కడగడం, తినిపించడం, మందులు వేయడం శ్రావణి పని. అల్లుడు జైరాం బూర్గంపాడు రోడ్డు మీద లారీ కింద పడి చనిపోయే నాటికి అది కడుపుతో ఉంది. మగపిల్లవాడు పుట్టాడు. బలరాం అని పేరు పెట్టాం. వాడికి పాలు మాన్పించిన నెలలోనే శ్రావణి విమానం ఎక్కింది. పెద్దపిల్ల లిఖిత అప్పటికి బడికి పోతోంది. దానికి అమ్మ బాగా గుర్తు. జడ వేసేటప్పుడు అమ్మ వెంట్రుకలు గట్టిగా లాగేదని కూడా చెబుతుంది. బలరాంకు గుర్తుండడానికి ఏమీ లేదు.

శ్రావణి మధ్యలో ఒకసారి వచ్చింది, మా ఆయన దినాలకు. ఇల్లంతా జనం. పిల్లవాడు నా కొంగు వదలలేదు. అది చేతులు చాపితే వాడు నా వీపు వెనక్కి పోయాడు. "కొత్త గద, పోను పోను అలవాటైతడు" అన్నారు అందరూ. అలవాటయ్యే లోపే సెలవు అయిపోయింది. ఆ తర్వాతి సెలవుకు ముసలామె పూర్తిగా మంచాన పడింది. ఇంటామె శ్రావణిని కదలనివ్వలేదు.

లిఖిత నన్ను నాని అని పిలుస్తుంది. మాలో అమ్మమ్మను అలాగే పిలుస్తారు. బలరాం మాత్రం యాడి అంటాడు. ఆ పిలుపు వాడికి నేర్పింది శ్రావణే. ఫోన్ వచ్చినప్పుడల్లా దాని మొదటి మాట "యాడీ, బాగున్నవా" అని. నా ఒళ్లో కూర్చుని వాడు రోజూ అది విన్నాడు. మాటలు రాగానే నన్ను చూసి అదే అన్నాడు. చిన్నపిల్లవాడు కదా అని ఎవరూ దిద్దలేదు. తండా మొత్తం నవ్వుకుంది.

పోయిన చలికాలంలో ఒక ఆదివారం శ్రావణి ఫోన్ చేసింది.

"యాడీ, ఈ ఏడు గూడ నన్ను పంపేటట్టు లేరు. పిల్లలనే పంపరాదు? ఎండకాలం సెలవులల్ల."

"ఎవరు పంపాలె, ఎట్ల పంపాలె? అదేమన్నా భద్రాచలం బస్సా?"

"నువ్వు తోలుకొని రా. పది దినాలు. ఇంటామె నాకు సెలవు ఇస్తనన్నది. బైటికి పోవాల్సిన పని లేదు గద, ఈడనే ఉంటగద అని ఒప్పుకున్నది."

లిఖిత పక్క నుంచి ఫోన్ లాక్కుంది. "అమ్మా, సముద్రం చూపిస్తవా?"

"సముద్రమే కాదే. మంచు చూపిస్త. ఈడ షాపుల లోపల మంచు పోస్తరు. డ్రైవర్ లేని రైలు ఎక్కిస్త."

"డ్రైవర్ లేకుంటే గుద్దుకోదా?"

"గుద్దుకుంటే మంచులనే పడతం లే."

ఆ రోజు నుంచి మా ఇంట్లో వేరే మాట లేదు. నేను మిరప చేను నుంచి వచ్చేసరికి లిఖిత వాకిట్లో కూర్చుని తమ్ముడికి ప్రయాణం నేర్పిస్తుండేది. రెండు పీటలు వేసి ఒకటి విమానం అనేది. నడుముకు నా పాత చీర పీలిక కట్టుకోమనేది. వాడు కట్టుకుని కళ్లు మూసుకునేవాడు. "దిగినం, కండ్లు తెరువు" అంటే తెరిచేవాడు. ఎదురుగా మా మేకలు. "ఇదేనా" అని అడిగేవాడు. లిఖిత మళ్లీ ఎక్కించేది.

పొద్దున ఏం చూడాలి, సాయంత్రం ఏం చూడాలి, ఏ బట్టలు వేసుకోవాలి అని దానికి తల్లితో రోజూ గొడవ. సముద్రం మొదటి రోజే చూడాలంది. వద్దు, ప్రయాణం చేసి అలిసిపోతారు, మూడో రోజు చూద్దామంది తల్లి. చివరికి మొదటి రోజే అని తేలింది. నేను వింటూ ఉండేదాన్ని. అన్నేళ్లలో శ్రావణి గొంతు అలా వినలేదు. ముసలామె నిద్రలేస్తుందేమోనని మెల్లగా నవ్వేది.

భద్రాచలంలో ఫోటోలు దిగాం. స్టూడియో అతను బలరాంను నవ్వొద్దన్నాడు. వాడు ఇంటికొచ్చాక కూడా చాలాసేపు నవ్వలేదు, ఇంకా ఫోటో అవుతోందనుకుని. పిల్లలిద్దరి పాస్‌పోర్టులు వచ్చాయి. నాది రాలేదు. ఆధార్‌లో నా పేరు చాంది. ఓటరు కార్డులో చాందీబాయి. మా ఆయన దేవ్లా దవాఖానాలో పోయినప్పుడు భార్య పేరు ఏమిటని అడిగితే, మా మరిది అత్తగారింట్లో నాకు పెట్టిన పేరు లక్ష్మి అని చెప్పాడు. పింఛను కాగితాల్లో ఇప్పటికీ అదే. ఈ ముగ్గురూ ఒక్క మనిషే అని చూపించే కాగితాలు పట్టుకురమ్మన్నారు. అవన్నీ అయ్యేసరికి ఎండాకాలం దాటిపోతుంది.

"నువ్వు లేకుంటే పిల్లలు ఎట్ల వస్తరు" అన్న శ్రావణి ఆ తర్వాత రెండు రోజులు ఫోన్ చేయలేదు. మూడో రోజు చేసింది. దారి దొరికిందంది.

పెనుబల్లికి చెందిన అనిల్‌కుమార్ అనే అతను దుబాయ్‌లో లిఫ్టులు బాగు చేస్తాడు. శ్రావణి ఉండే బిల్డింగ్‌లో లిఫ్టు ఆగిపోతే వచ్చాడట. అది ఫోన్లో నాతో మాట్లాడుతుంటే విని, "ఖమ్మం జిల్లానా అమ్మా" అని అడిగాడట. అతని భార్య నాగలత, కూతురు సాయిప్రియ ఇక్కడే ఉంటారు. ప్రతి ఎండాకాలం అతని దగ్గరికి వెళ్లి వస్తారు. నాగలత మా పిల్లలనూ తోడు తీసుకెళ్తుంది, వాళ్ల ఇంట్లోనే ఉంచుకుంటుంది, శ్రావణి అక్కడికి వస్తుంది అని మాట్లాడుకున్నారు. నాకు ప్రాణం లేచి వచ్చింది.

హోలీ అయిపోయాక నాగలత మా తండాకు వచ్చింది, పిల్లలు తనకు అలవాటు పడాలని. భూములున్న ఇంటి కోడలు. మాట మాత్రం కలుపుగోలు.

"ఇంత అడవిలో ఉన్నారేంటి పెద్దమ్మా. వచ్చే దారిలో నెమలి అడ్డమొచ్చింది. మా ప్రియ దిగుతానని ఒకటే గోల."

"దిగకపోయినవ్, దానికి మనుషులు కొత్త కాదు" అన్నాను. చాప వేసి కూర్చోబెట్టాను.

అప్పుడే శ్రావణి ఫోన్ చేసింది, బొమ్మ కనిపించేటట్టు. ఫోన్‌ను గిన్నెకు ఆనించి అందరూ కనిపించేలా పెట్టాను. నాగలత బలరాంను దగ్గరికి లాక్కుంది.

"ఏరా అబ్బాయ్, దుబాయ్‌లో ముందు ఏం చూస్తావు?"

"దుబాయ్‌నే చూస్త" అన్నాడు వాడు.

"అదేలే, దుబాయ్‌లో ఏం చూస్తావని అడుగుతున్నా. రైలా, మంచా?"

"దుబాయ్‌ల ఏముంటయ్? దుబాయ్‌కి ముఖం ఉంటది. జుట్టు ఉంటది. గంతే."

నాగలత నా వైపు చూసింది. "ముఖమేంటి పెద్దమ్మా?"

లిఖిత అందుకుంది. "వీడు అమ్మను దుబాయ్ అంటడు ఆంటీ. అమ్మ పేరు గదే అనుకుంటుండు."

వాడి తప్పు లేదు. మా తండాలో ఎవరూ శ్రావణిని పేరు పెట్టి అనరు. దుబాయ్ ఫోన్ చేసిందా, దుబాయ్ పైసలు పంపిందా, దుబాయ్ ఎట్లుంది, ఇట్లాగే అడుగుతారు. నేనూ అంతే. ఫోన్ మోగితే "దుబాయ్ చేస్తున్నట్టుంది, అందుకో" అంటాను.

నాగలత విరగబడి నవ్వింది. "మరి మీ అమ్మ పేరేంట్రా?"

"యాడి" అని వాడు నన్ను చూపించాడు.

"మరి దుబాయ్ నీకేమవుతుంది?"

వాడు ఆలోచించాడు. "ఫోన్ల ఉంటది. బొమ్మలు పంపుతది. ఆమెకు గూడ యాడి మా యాడే."

"అంటే మీ అక్కా?"

"అక్క ఈడున్నది గద" అని లిఖితను చూపించాడు, ఈమెకు ఏమీ తెలియదన్నట్టు.

ఫోన్లో శ్రావణి కూడా నవ్వింది. "మంచిగున్నది నా పేరు. పాస్‌పోర్టుల గూడ మార్పిచ్చుకుంట" అంది. అందరం నవ్వాం. తర్వాత ఫోన్లో బొమ్మ నల్లగా అయింది. సిగ్నల్ పోయిందనుకున్నాను. కానీ ముసలామె గదిలో తిరిగే ఫ్యాను చప్పుడు వినపడుతూనే ఉంది. శ్రావణి ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఆ తర్వాత శ్రావణి పంతం పట్టింది. రోజూ వాడితోనే మాట్లాడాలి. సముద్రం దగ్గరికి వెళ్లి ఫోన్లో చూపించింది. డ్రైవర్ లేని రైలులో ముందు కిటికీ దగ్గర నిలబడి చూపించింది. వాడి కోసం కొన్న ఎర్ర బూట్లు చూపించింది.

"ఇవి ఎవరికి?"

"నాకు."

"ఎవరు ఇస్తున్నరు?"

"దుబాయ్."

"దుబాయ్ కాదురా. నేను యాడిని. అను ఒకసారి."

వాడు నన్ను చూశాడు. అనమని తల ఊపాను. వాడు గొంతు తగ్గించి, తప్పు చేస్తున్నవాడిలాగా, "నువ్వు దుబాయ్‌వి" అన్నాడు.

"సరే, దుబాయ్‌నే. నా దగ్గరికి వస్తవా?"

"యాడి వస్తే వస్త."

అది మురిసిపోయింది, వస్తానన్నందుకు. 'యాడి వస్తే' అన్న మాట ఎవరం ఎత్తలేదు.

నాగలతే ఎత్తింది. "పెద్దమ్మా, విమానాశ్రయం దాకా మీరు రండి. మీరూ వస్తున్నారనే చెప్పండి వాడికి. లోపలికి వెళ్లేటప్పుడు ప్రియ వాడి చెయ్యి పట్టుకుంటుంది. మీరు అటు తప్పుకోండి. కాసేపు ఏడుస్తాడు. పిల్లలు కదా, విమానం చూస్తే మర్చిపోతారు."

"మరువకపోతే?"

"అందుకే ముందు ఒకసారి చూద్దాం. మా ఇంట్లో ఒక్క రాత్రి వదిలిపెట్టండి."

శ్రావణిని అడిగాను. "చూడు యాడీ. చూడకుండ ఎట్ల తెలుస్తది" అంది.

పెనుబల్లికి బస్సులో పోయాం. దారిలో బలరాం కిటికీ దగ్గర కూర్చుని మామిడితోటలు, పొగాకు ఆరబెట్టే బేరన్లు చూసుకుంటూ పాటలు పాడాడు. నాగలత అత్త సీతారావమ్మ వాకిట్లోనే ఎదురైంది.

"వచ్చారా దుబాయ్ వాళ్లు. ఏమ్మా చాందమ్మా, నీ మనవడు బాగా నల్లగున్నాడే. అక్కడి ఎండకి ఇంకేం మిగులుతాడు?"

"మిగిలిందే పంపిస్తరు లేమ్మా" అన్నాను. ఆమె నవ్వింది. పిల్లలకు పక్క వరండాలో వేయించింది. నాగలత ఏమీ అనకుండా ఆ పక్క తీసుకెళ్లి సాయిప్రియ గదిలో వేసింది.

పిల్లలు ముగ్గురూ ఆటలో పడ్డారు. బలరాం కుక్కపిల్లను పట్టుకుని తిరుగుతున్నాడు. నేను వాడి దగ్గరికి వెళ్లి, "సెంటర్ దాకా పోయి బిస్కెట్లు తెస్త, అక్క కాడ ఉండు" అన్నాను. "క్రీమువి" అన్నాడు వాడు. సత్తుపల్లి బస్సు ఎక్కి, అక్కడ మా చెల్లెలి ఇంట్లో పడుకున్నాను. ఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. మోగలేదు. మోగలేదంటే బాగున్నాడని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ మాట శ్రావణికి కూడా చెప్పాను. "ఏడుస్తలేడా? నిజంగనా?" అని అది రెండుసార్లు అడిగింది. నాకంటే ముందే ఆశ పెట్టుకుంది.

పొద్దున్నే పోయాను. నాగలత గేటు బయటే నిలబడి ఉంది.

"వాడు ఏడవలేదు పెద్దమ్మా" అంది.

"మంచిదే గద."

"ఏడిస్తే బాగుండేది. మీరు వెళ్లిన కాసేపటికి వచ్చి ఇక్కడ కూర్చున్నాడు. ఈ రోడ్డు వైపే చూస్తూ. అన్నం పెడితే తినలేదు. నీళ్లు తాగలేదు. పిలిస్తే పలకలేదు, వాళ్ల అక్కకి కూడా. చీకటి పడ్డాక మా మామగారు ఎత్తుకుని లోపలికి తెచ్చారు. కర్రలా బిగుసుకుపోయి ఉన్నాడు. బట్టలు తడుపుకున్నాడు. కళ్లు తెరుచుకునే ఉన్నాడు. లిఖిత వాడి పక్కనే కూర్చుంది, తనూ పడుకోలేదు. నాకు ఫోన్ చెయ్యాలనిపించింది. ఈ ఒక్క రాత్రి గడిస్తే అలవాటైపోతాడేమో అని ఆగాను. ఆగకుండా ఉండాల్సింది."

బలరాం అరుగు మీద ఉన్నాడు. నన్ను చూసి పరిగెత్తుకు వస్తాడనుకున్నాను. మెల్లగా లేచి వచ్చాడు. నా ముఖం వైపు చూడలేదు. నా చేతిలో ఉన్న సంచి పట్టీని పట్టుకున్నాడు. బిస్కెట్లు తీసి ఇస్తే తీసుకోలేదు. బస్సులో నిద్రపోయాడు కానీ పట్టీ వదలలేదు. ఇంటికొచ్చాక కూడా నీళ్లకు పోతే నీళ్లకు, చేనుకు పోతే చేనుకు వెంట పడ్డాడు. మాట రావడానికి చాలా రోజులు పట్టింది. బీడీల తునికాకు కోతకు అందరూ అడవికి పోతున్నారు, నేను ఆ సీజన్ వదులుకున్నాను.

ఇంకొకటి మొదలైంది. ఫోన్ మోగితే వాడు మంచం కిందికి దూరేవాడు. తనను ఎత్తుకుపోయేది దుబాయ్ అని వాడికి అర్థమైంది. లిఖిత వంగి, "ఏం కాదురా, మాట్లాడుతదంతే, రా" అని పిలిచేది. వాడు గోడ వైపు జరిగేవాడు. శ్రావణి ఒకరోజు అంతా చూసింది. లిఖిత చేతిలో ఫోన్ ఉంది, అది ఫోన్ పట్టుకునే మంచం కిందికి వంగింది. వాడు రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

"ఫోన్ యాడికియ్యి" అంది శ్రావణి. నేను తీసుకుని చింతచెట్టు కిందికి పోయాను. వాడు మంచం కింద నుంచి వచ్చి, కాస్త దూరంలో నిలబడ్డాడు.

"వద్దు యాడీ. వాన్ని పంపకు."

"పది దినాలే గద. రెండు దినాలు గట్లనే ఉంటడు. మూడో దినం నీ ఒళ్లె కూసుంటడు. కన్నదానివి, రక్తం ఊకుంటదా?"

"గదే నేను చెప్పేది. మూడో దినం కూసుంటడు. పదో దినం ఎట్ల ఇడిపియ్యాలె? ఒక్కపారి ఇడిపిచ్చిన. ఈడికొచ్చినంక పాలు గడ్డకట్టి జ్వరమొచ్చింది. కొత్త ఇల్లు, ఎవరికి చెప్పుకోవాలె? స్నానాల గదిల నిలబడి పిండి పారబోసిన. మల్ల గా పని నాతోటి కాదు."

"వానికి ఒక యాడి ఉన్నది. ఉన్న యాడి ఇడిసిపెట్టి పోతదని నేర్పిచ్చినం మనం, గా ఒక్క రాత్రిల. ఇంక చాలు."

"మరి నువ్వు?"

"నాకేంది. నేను దుబాయ్‌ని."

అది నవ్వడానికి అనలేదు. అక్కడ ముసలామె పిలిచింది. ఫోన్ పెట్టేసింది.

లిఖిత మాత్రం వెళ్లింది. తమ్ముడు లేకుండా పోనని మొదట మొండికేసింది. నేనే నచ్చజెప్పాను. ఒక్కరన్నా పోతే తల్లి కళ్లకు కాస్త చలవ అనుకున్నాను. నాగలతతో విమానం ఎక్కింది. బలరాంను మా చెల్లెలి దగ్గర వదిలే ధైర్యం లేక, నేను హైదరాబాద్ దాకా పోలేదు. కొత్తగూడెంలో బస్సు ఎక్కించాను. లిఖిత కిటికీలోంచి చెయ్యి ఊపింది. వాడు నా సంచి పట్టుకుని నిలబడ్డాడు, ఊపలేదు.

పది రోజులకు తిరిగొచ్చింది. ఎర్ర బూట్లు, చాక్లెట్లు, నాకో దుప్పటి తెచ్చింది. పిల్లలంతా చుట్టూ మూగారు. రైలు ఎక్కినవా అంటే ఎక్కిన అంది. మంచు చూసినవా అంటే చూసిన అంది, చల్లగా ఉంది అంది. అంతకంటే ఏమీ చెప్పలేదు. అవన్నీ నాగలత, సాయిప్రియలతో చూసిందని తర్వాత తెలిసింది. లిఖిత దిగిన రోజే ముసలామెకు ఊపిరాడక దవాఖానాలో చేర్చారు. శ్రావణికి ఇస్తామన్న సెలవు పోయింది. సాయంత్రం పూట వచ్చి, కూతురికి జడ వేసి, వెళ్లిపోయేదట.

ఒకరోజు నేనే అడిగాను. "సముద్రం అమ్మతోనే చూడలేదా?"

"చూసిన. ఒక్క దినం అమ్మకు సెలవు ఇచ్చిండ్రు. పొద్దుగాలనే పోయినం."

"ఏం చేసిండ్రు?"

"అమ్మ పండుకున్నది."

"ఏడ?"

"ఇసుకల. దవాఖానాల ఎన్ని దినాల నుంచో నిద్ర లేదంట. కూసుందాం రాయే అన్నది. చున్నీ పరిచింది. నువ్వు ఇల్లు కట్టు, నేను చూస్త అన్నది. నేను ఇల్లు కట్టి వెనక్కి చూసేసరికి పండుకున్నది. ఎండ ఎక్కింది. నేను ముఖానికి నీడ పడేటట్టు కూసున్న. సంచులు చూసుకున్న. పోలీసాయన వచ్చి ఏందో అడిగిండు. మా అమ్మ అని చెప్పిన."

"లేపకపోయినవే పిచ్చిదానా. గంత దూరం పోయి."

"లేపబుద్ధి కాలే నాని. లేపితే మల్ల దవాఖానకే పోతది గద."

సాయంత్రం దాకా అలాగే కూర్చుందట. నీళ్లలోకి దిగలేదు. శ్రావణి లేచి, టైము చూసుకుని, ఇసుకలోనే కూర్చుని చాలాసేపు ఏడ్చిందట. లిఖిత తల్లి జుట్టులోంచి ఇసుక దులిపిందట.

జూన్‌లో శ్రావణి ఇంకో రెండేళ్లు ఉంటానని ఒప్పుకుంది. ఈసారి నన్ను అడగలేదు, చెప్పింది. లిఖితకు భద్రాచలంలో హాస్టల్ సీటు వచ్చింది. బలరాంను బడిలో వేయాలి కాబట్టి నేను తండా వదిలి బూర్గంపాడు వచ్చి ఒక గది కిరాయికి తీసుకున్నాను. మేకలను మరిదికి అప్పగించాను. వచ్చే ఎండాకాలం గురించి ఎవరూ ఏమీ అనడం లేదు. లిఖిత సెలవుకు వచ్చినా అనదు.

శ్రావణి ఇప్పుడు మధ్యాహ్నం పూట ఫోన్ చేస్తుంది. బొమ్మ కనిపించే ఫోన్ మానేసింది, మాటలే. ముందు నా ఆరోగ్యం అడుగుతుంది. తర్వాత వానలు. కొత్త గది ఉరుస్తుందా అని అడుగుతుంది. చివరికి పెట్టేసే ముందు అడుగుతుంది.

"పిలగాడు పండుకున్నడా?"

మిట్టమధ్యాహ్నం. వాడు గది ముందు పిల్లలతో టైరు దొర్లిస్తూ అరుస్తుంటాడు. ఆ అరుపులు ఫోన్లోంచి దానికీ వినపడతాయి. నడుమ నడుమ "యాడీ, చూడు" అని నన్ను పిలుస్తుంటాడు కూడా.

"అవ్, పండుకున్నడు" అంటాను.

"సరే, లేపకు" అంటుంది.

భూక్యా చాంది. యాభై తొమ్మిదేళ్లు. ప్రస్తుతం ఉండేది బూర్గంపాడు, బడి వెనక సందులో కిరాయి గది.